పేర్లున్న గొర్రెలు

ముదిగుబ్బ,
3 జూలై 2025.

వదినా,

ముందే చెబుతున్నాను, ఇది కోపంతో రాస్తున్న ఉత్తరం. కోపం నీ మీద కాదు కాబట్టి మగ్గం ఆపి, నీళ్లు తాగి, స్థిమితంగా చదువు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. పైగా ఐదో తరగతితో బడి మానేసి మా ఇంటికి కోడలిగా వచ్చిన నీకు అక్షరాలు తుప్పు పట్టకూడదని ఉత్తరాలు అలవాటు చేసిందే నేను. ఇరవై ఏళ్ల అలవాటు, ఊరికే వదులుకుంటానా?

కొత్త బడిలో చేరాను. గుట్టకింద కొట్టాల అని ముదిగుబ్బకు లోపలగా ఉంటుంది. ఊరంతా గొర్రెలవాళ్లే. ఒకే గది, ఒకే టీచరు, అంటే నేను. ఒకటి, రెండు తరగతులు కలిపి పన్నెండు మంది పిల్లలు. ఈ నెలాఖరులో ఒక అధికారి వచ్చి పిల్లలను పరీక్షిస్తాడట. వాళ్లకు రావలసింది రాకపోతే ఈ బడిని ఎత్తేసి, నాలుగు కిలోమీటర్ల అవతల పెద్దరోడ్డు మీదున్న బడిలో కలిపేస్తారట. దానికి 'విలీనం' అని పేరు. నది సముద్రంలో కలిసినట్టు ఎంత అందంగా ఉంది! ఆరేళ్ల పిల్ల నాలుగు కిలోమీటర్లు నడిచి, వంక దాటి, లారీల మధ్య రోడ్డు దాటి బడికి పోతుందా? పోదు. గొర్రెల వెనక పోతుంది. ఈ మాట ఏసీ గదిలో పట్టికలు గీసేవాళ్లకు ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. చెబుతాను.

ఇప్పుడు అసలు సంగతి. ఏకవచనం, బహువచనం మొదలుపెట్టాను. పుస్తకంలో మొదటి మాట ఏమిటో తెలుసా? ఓడ, ఓడలు. వంకలో చారెడు నీళ్లు లేని ఊళ్లో ఓడలు! పుస్తకం మూసేసి రాయి అన్నాను, రాళ్లు అన్నారు. ముల్లు అన్నాను, అరికాళ్లు ఎత్తి చూపించి మరీ ముళ్లు అన్నారు. బంగారం లాంటి పిల్లలు. ఆ ఉత్సాహంలో పైనుంచి వచ్చిన రంగుల చార్టు గోడకు తగిలించాను. పైన ఒక గొర్రె, కింద పచ్చగడ్డిలో ఐదు గొర్రెలు. పైది చూపించి "ఇదేమిటి?" అంటే "గొర్రె" అన్నారు. కింద ఉన్న ఐదింటినీ చూపించి "ఇవేమిటి?" అన్నాను. "గొర్రె" అన్నారు, పన్నెండు మందీ ఒక్క గొంతుతో. గొర్రెలవాళ్ల పిల్లలు వదినా! రెండో తరగతిలో మల్లీశ్వరి అని ఒక పిడుగు ఉంది, అన్నిటికీ ముందు చెయ్యెత్తుతుంది. అది కూడా "గొర్రె, మేడం" అని నా వైపు జాలిగా చూసింది.

సాయంత్రం మల్లీశ్వరి వాళ్ల అవ్వ దగ్గరకు పోయాను, పేరు పెద్దక్క. "మీకెన్ని గొర్రెలున్నాయి?" అని అడిగాను.

"ఉండాయిలేమ్మా."

"ఎన్ని?"

"ఉన్నన్ని ఉండాయి."

"లెక్కపెట్టరా?"

ఆమె నా నోరు మూసేటంత పని చేసింది. "గొర్రెల్ని నోటితో ఎంచకూడదు తల్లీ. ఎంచితే తోడేలు వింటాది."

అర్థమైందా? ఒకటికి మించి పలకనివ్వకుండా ఈ పిల్లల నోరు నొక్కింది మూఢనమ్మకం! అధికారి ముందు నోరు విప్పకపోతే బడి పోతుంది. నేను దీన్ని పెళ్లగించకుండా నిద్రపోను.

మీ దగ్గర మిగిలిన పట్టు పోగులు, రంగురంగులవి, పంపు. పిల్లలకు బొమ్మలు చేయించాలి. షేర్ ఆటో మారుతి శనివారాలు ధర్మవరం వస్తాడు, అతనికివ్వు.

ఇంకా కోపంగానే ఉన్న
పద్మజ


ధర్మవరం,
5 జూలై.

పద్మజమ్మకు వదిన జయంతి చెప్పేదేమంటే,

నీ ఉత్తరం మారుతి తెచ్చినాడు. మగ్గం ఆపమన్నావు, ఆపలేదు. మీ అన్న నేస్తాంటే నేను పక్కన నిలబడి గట్టిగా చదివినా. 'తోడేలు వింటాది' అన్నకాడ ఆయప్ప నవ్వి నవ్వి పోగు తెంపుకున్నాడు. ఆ పోగు అతికేదానికి నాకు అర్ధ గంట పట్టినాది. ఆ పాపం నీదే.

ఏమ్మే, నోటితో ఎంచొద్దు అన్నందుకే ముసలామె మీద అంత కోపమా? మనింట్లో చీర మగ్గం మీద ఉన్నప్పుడు 'ఇంకెన్ని మూరలుండాది' అని ఎవురన్నా అడిగితే మీ నాయన ఏం చేస్తాండె? మగ్గం అచ్చు కర్ర తీసుకోని తరుముతాండె. ఆయప్ప కూతురివే గదా నువ్వు.

అది సరే. పిల్లోళ్లు నోరు విప్పరని రాసినావే, అది మాత్రం రెండుసార్లు చదివినా. ఏడేండ్లకు నోరు రాకపోతే ఎట్ల? అందుకే పోగులతో పాటు వస కొమ్ము పెట్టినా. సాన మీద తేనెతో అరగదీసి ఒక్కొక్కరి నాలిక్కి గోరంత రాయి. మాటలు ధారాళంగా వస్తాయి. నువ్వు మాత్రం ముట్టొద్దు. మా అత్త నీకు చిన్నప్పుడే గిన్నెడు పోసినాది, ఇంతవరకూ దిగలేదు.

పోగులు చిక్కుపడకుండా విప్పు. నీకు ఓపిక లేదని తెలుసు, పిల్లోళ్ల చేత విప్పించు.

మీ వదిన


ముదిగుబ్బ,
11 జూలై.

వదినా,

మూఢనమ్మకం మీద యుద్ధమని నేను రాస్తే, ఇంకో మూఢనమ్మకాన్ని పొట్లం కట్టి పంపావు! నోరు విప్పరంటే మాటలు రావని కాదు మహాతల్లీ. వాళ్ల మాటలకు బడి పైకప్పు ఎగిరిపోతోంది. ఆ ఒక్క చార్టు దగ్గరే నోరు పడిపోతోంది. నీ వస కొమ్ము బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఇక ఇక్కడి సంగతి విను. బుధవారం పొద్దు వాలుతుండగా పెద్దక్క గొర్రెల రొప్పం దగ్గరకు పోయాను. కంపతో కట్టిన దడి, మధ్యలో ఒక్క గొర్రె పట్టేంత సందు. ఆ సందు పక్కన నిలబడి, లోపలికి పోతున్న ఒక్కొక్కదాన్నీ ఊరంతా వినేట్టు లెక్కపెట్టాను. నలభై ఒకటి. పిల్లలు చెవులు మూసుకున్నారు. పెద్దక్క కొంగు నోట్లో కుక్కుకుంది. గురువారం సాయంత్రం మళ్లీ పోయి మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఒకటే! "చూశావా పెద్దక్కా, నిన్నా నలభై ఒకటి, ఇవాళా నలభై ఒకటి. ఏ తోడేలూ వినలేదు" అన్నాను. ఆమె నా వైపు తిరగను కూడా లేదు. మంద వైపే చూస్తూ "కొంచెం ఉండుమ్మా" అంది. ఓడిపోయినవాళ్లు అట్లాగే అంటారు అనుకున్నాను.

ఈ రోజు, శుక్రవారం, బడికి ఒక్క పిల్ల రాలేదు. ఒక్కరూ! తాళం తీసి, గంట కొట్టి, పన్నెండు ఖాళీ పలకల ముందు కూర్చున్నాను. ఊళ్లోకి పోతే ఇళ్లన్నీ మూసి ఉన్నాయి. నాగేశ్వర తాత ఒక్కడే అరుగు మీద ఉన్నాడు. ఏరీ అందరూ అని అడిగితే "నువ్వు ఎంచినావు గదమ్మా, ఆ పని మీదే పొద్దున్నే పోయినారు" అన్నాడు. ఏ పని? నా మీద ఫిర్యాదు ఇచ్చే పని! బడిని వెలివేశారు వదినా. లెక్కపెట్టినందుకు టీచరును వెలివేసిన ఊరు ఇది. నేను కూడా నాలుగు పేజీల ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. రెండు పేజీలు అయ్యాయి.

వెనకడుగు వేయని
పద్మజ


ధర్మవరం,
12 జూలై.

పద్మజమ్మా,

మారుతి నీ ఉత్తరం ఇచ్చి అట్లే నిలబడుకున్నాడు, బదులు తీస్కపోతానని. అందుకే గబగబా రాస్తాండా.

పిల్లోళ్లు రాకపోతే, పొద్దు మునిగినాకన్నా మల్లా ఇండ్లకాడికి పోయి ఎందుకు రాలేదని అడిగినావా? అడగలేదు. కాగితం తీసుకున్నావు. పెండ్లిచూపులకు వచ్చినోళ్లను కూడా ఇట్లనే ఒక మాట అడక్కుండా ఉపన్యాసం చెప్పి పంపిస్తివి. నేను ఏమన్నా అంటినా అప్పుడు?

మీ అన్న మాత్రం ఊరుకోలేదు. 'నా చెల్లెల్ని వెలివేస్తారా' అని చొక్కా వేసుకున్నాడు. రేపు ఆదివారం పొద్దున బస్సుకు వస్తాండాడు. కొట్లాటకు పోయేటోడు ఉత్త చేతులతో పోకూడదని ఓళిగలు చేసి కట్టిచ్చినా. ముందు తినిపించు, తర్వాత కొట్లాడమను.

ఆ నాలుగు పేజీలు చింపెయ్. చింపకపోతే నా మీద ఒట్టు. ఒట్టు మూఢనమ్మకమని రాయొద్దు.

మీ వదిన


ముదిగుబ్బ,
16 జూలై.

వదినా,

అన్న వచ్చాడు, కొట్లాడలేదు. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఎవరో ఏమప్పా ఎవురింటికి అన్నారు, టీచరమ్మ అన్నను అన్నాడు, తీసుకుపోయి పెద్దక్క ఇంట్లో కూర్చోబెట్టారు. నేను పోయేసరికి రెండో సంకటి ముద్ద మింగుతున్నాడు. నీ ఓళిగలు పిల్లలు పంచుకున్నారు. నాకు ఒక్కటి కూడా మిగల్చలేదు.

ఇక మిగిలింది చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంది. నీ దగ్గర సిగ్గేమిటి, రాస్తాను.

ఎవరూ నన్ను వెలివేయలేదు. గురువారం సాయంత్రం నేను నలభై ఒకటి అని గొంతు చించుకుంటున్నప్పుడే పెద్దక్క మందను ఒకసారి చూసి, చెవులది రాలేదని కనిపెట్టింది. చెవులది అంటే పొడుగు చెవుల గొర్రె. మేతలో మందలు కలిసినప్పుడు అది వేరేవాళ్ల వెంట పోయింది, వాళ్ల బొల్లిది ఈ మందలో చేరింది. ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. నా లెక్కకు నలభై ఒకటి సరిపోయింది! శుక్రవారం పొద్దున్నే ఊరు ఊరంతా, పిల్లలతో సహా, చెవులదాని కోసం గుట్టలు పట్టి పోయారు. నాగేశ్వర తాత చెప్పిన 'ఆ పని' ఇదే. వంక అవతలి రొప్పంలో దాన్ని గుర్తుపట్టి తోలుకొచ్చింది మల్లీశ్వరే.

నా లెక్క తప్పయి ఉంటే బాధ ఉండేది కాదు వదినా. నా లెక్క ఒప్పు. అదే బాధ. పెద్దక్క ఎత్తిపొడవను కూడా లేదు. "నువ్వు ఎంచితే అన్నీ ఉండాయి. నేను చూస్తే చెవులది లేదు. అంతేలేమ్మా" అంది. అయినా తోడేలు వింటుందనే మాట మాత్రం ఒప్పుకోనని చెప్పాను. "నువ్వు నమ్మొద్దులే, తోడేలు నమ్మితే చాలు" అంది. ఇంత వాదన నాకు మా టీచర్ల సంఘంలో కూడా ఎదురుకాలేదు.

ఫిర్యాదు చింపేశాను. మంగళవారం పిల్లలను రొప్పం దగ్గరకే తీసుకుపోయి, ఎన్ని అని అడగకుండా చెయ్యి చాపి "ఇవేమిటి?" అన్నాను. "గొర్రెలు!" అని ఒక్కసారిగా అరిచారు. మంద బెదిరి రెండుసార్లు దడి చుట్టూ తిరిగింది. నేను, చెబితే నమ్మవు, చప్పట్లు కొట్టాను. వెంటనే వాళ్లను బడికి లాక్కొచ్చి చార్టు చూపించాను. ఇవేమిటి?

"గొర్రె."

రొప్పం దగ్గర గొర్రెలు, గోడ దగ్గర గొర్రె! తోడేలు కాగితం మీది మాట కూడా వింటుందా? తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అధికారి వచ్చేది సోమవారం, ఇరవై ఎనిమిదిన. ఆయన రొప్పానికి రాడు, గోడ దగ్గరికే వస్తాడు. ఆ చార్టు దాచేద్దామంటే, అది ఉందా లేదా అని కూడా చూస్తారట. బడి ఈ ఒక్క బొమ్మ దగ్గర పోతుందా అని భయంగా ఉంది. ఏమి చేయాలో చెప్పు. వెక్కిరించకుండా చెప్పు.

పద్మజ


ధర్మవరం,
19 జూలై.

పద్మజమ్మా,

వెక్కిరించను. ఒక్కటే మాట. ఎందుకు గొర్రె అంటాండారని ఆ పిల్లోళ్లనే అడిగినావా?

మీ వదిన

అదనంగా: మీ అన్న ఇంటికొచ్చినప్పటి నుంచి సంకటి పెద్దక్క చేసినట్లు లేదంటాండాడు. మల్లా ఆ ఊరికి పంపను.


ముదిగుబ్బ,
29 జూలై.

వదినా,

నీ రెండు ముక్కల ఉత్తరం ఈ ఉదయం అందింది. మారుతి దాన్ని సీటు కింద పెట్టి పది రోజులు మరిచిపోయాడు. నిన్నటికైనా అందవలసింది. నిన్న అధికారి వచ్చిపోయాడు.

పేరు యేసన్న. నేను అనుకున్నట్టు లేడు. నేనేమో ఒక పొట్ట, దాని వెనక ఒక మనిషి వస్తాడని, ఆ పొట్టను ఉద్దేశించి ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. బక్కపలచని మనిషి, చేతిలో గొడుగు, చెప్పులు బయట విడిచి పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాడు. ప్రసంగం గొంతులోనే ఉండిపోయింది. పిల్లలు చదివారు, రాశారు, నీ పోగులతో చేసిన బొమ్మలు చూపించారు. రాయి, రాళ్లు అయింది. కన్ను, కళ్లు అయింది. తర్వాత ఆయన లేచి చార్టు దగ్గరకు పోయాడు. నా ప్రాణం పోయింది.

"ఇవేంటివమ్మా?"

"గొర్రె" అన్నారు పన్నెండు మందీ.

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాను. నాలుగు కిలోమీటర్లు, వంక, లారీలు అన్నీ కళ్ల ముందు కదిలాయి. అప్పుడు ఆయన, ఎంత మామూలుగా అడిగాడో, "ఇన్నుంటే గొర్రె అంటారేం?" అన్నాడు. నాలుగు వారాలుగా నా నోటికి రాని ప్రశ్న వదినా! మూఢనమ్మకాలు, పెద్దల కుట్ర, వ్యవస్థ, అన్నీ ఆలోచించాను. ఆ ఒక్క మాట అడగలేదు.

మల్లీశ్వరి లేచి చార్టు దగ్గరకు పోయింది. "ఇది ఒకటే గొర్రె సార్. ఐదుసార్లు అతికిచ్చినారు."

"అంటే?"

"సూడండి సార్. దీని ఎడం చెవి కొసన నొక్కు ఉండాది. దీనికీ అదే నొక్కు. దీనికీ అదే. ముందరి కాలు ఎత్తినాది గదా, అన్నీ ఆ కాలే ఎత్తినాయి. యా గొర్రెలన్నా అట్ల నిలబడతాయా?"

"నిలబడవు!" అని మిగతా పదకొండు మందీ పకపకా నవ్వారు.

యేసన్న గారు కళ్లద్దాలు తుడుచుకుని బొమ్మకు ముక్కు ఆనించి చూశాడు. నేనూ చూశాను. ఒకటే గొర్రె! ఒకే నొక్కు, ఒకే కాలు. ఎవడో బద్ధకస్తుడు ఒక బొమ్మను ఐదుసార్లు అచ్చుగుద్ది జిల్లా మీదికి వదిలాడు. నెల రోజులు గోడకు వేలాడుతున్నా నాకు కనబడలేదు. ఈ పిల్లలకు మొదటి రోజే కనబడింది. మేడానికి గొర్రె మొహాలు తెలియవు పాపం, ఎందుకు బాధపెట్టడం అని ఊరుకున్నారట! ఆ జాలి చూపు అదీ.

"మరి గొర్రెలు యాడుండాయి?" అన్నాడు ఆయన.

అంతే, చెయ్యి పట్టుకుని రొప్పం దగ్గరకు లాక్కుపోయారు. గొడుగు బడిలోనే మరిచిపోయాడు. మేత మేసి నీళ్లకు వచ్చిన మంద అక్కడే ఉంది. ఆయన అలవాటు కొద్దీ "ఎన్నుండాయి?" అన్నాడు. పన్నెండు నోళ్లూ మూతపడ్డాయి. పెద్దక్క కొంగు పైకి లేచింది. మల్లీశ్వరి ఆయన చొక్కా లాగి మెల్లగా అంది:

"ఎన్ని అని అడక్కూడదు సార్. ఎవురెవురు అని అడగండి."

అడిగాడు. చుక్కది, చెవులది, దొంగది, చుక్కదాని కూతురు, ఎవరి మాటా విననిది, అట్లా అరగంట సేపు ఆయనకు పరిచయాలు జరిగాయి. ఎవరి మాటా విననిదానికి ఇంకో పేరు ఉందట. పెద్దక్క నాకు చెప్పొద్దని సైగ చేస్తుండగానే పిల్లలు చెప్పేశారు: 'మేడమ్ది'. నువ్వు అన్నకు చెప్పకు.

తిరిగొచ్చి కాగితం మీద ఆయన రాసింది నేను పక్కనుంచి చదివాను. 'పిల్లలకు వచ్చు. మార్చవలసింది చార్టును. బడి ఉన్న చోటే ఉండాలి.' ఈ ఏడాదికి విలీనం మాట లేదు వదినా! ఈ ఏడాదికే అని నాకు తెలుసు. పట్టికలు గీసేవాళ్లకు ఊరూరి పిల్లలూ ఆ చార్టులో గొర్రెల్లాగే కనబడతారు, మళ్లీ వస్తారు. రానీ. ఈసారి ప్రసంగం నేను చెప్పను, మల్లీశ్వరి చేత చెప్పిస్తాను.

చివరికి ఆయన హాజరు పట్టీ తెరిచి "ఎంతమంది?" అని అడగబోయి, నవ్వి, "ఎవరెవరు?" అన్నాడు. పన్నెండు పేర్లూ చదివాను.

వస పని చేసిందని మాత్రం అనకు. తాళం ఇంకా తీయలేదు.

పద్మజ


ధర్మవరం,
18 ఆగస్టు.

పద్మజమ్మా,

నీ ఉత్తరం చదివి మూడు వీధులు తిరిగి అందరికీ చెప్పొచ్చినా. మీ అన్నకు 'మేడమ్ది' సంగతి చెప్పొద్దన్నావు, మొదట ఆయప్పకే చెప్పినా.

ఈ ఉత్తరంతో పాటు మారుతి ఒక గుడ్డ మూట ఇస్తాడు. సీటు కింద పెట్టొద్దని వానికి నాలుగుసార్లు చెప్పినా. ఆ చార్టు తీసేసి ఇది గోడకు కట్టు. మిగిలిన పోగులతో గొర్రెల్ని నేసినాం. బొమ్మకు తగినట్లు అట్టలకు తూట్లు గుచ్చి మగ్గానికెక్కిచ్చి నేద్దాం, దినంలో అయిపోతాది అన్నాడు మీ అన్న. ఒక గొర్రెకు అట్టలు గుచ్చితే గుడ్డ నిండా అదే గొర్రె వస్తాది, ఆ పాప ఊరుకుంటాదా అని అడిగినా. నోరు మూసుకోని అట్టలు పక్కన పెట్టినాడు. ఒక్కో పోగూ చేత్తో ఎత్తి నేసినాం. ఒకదానికి పొడుగు చెవులు, ఒకదానికి నుదుటిన చుక్క. ఒకటి అందరికీ వీపు తిప్పుకోని నిలబడినాది, అదెవురో నీకు తెలుసు.

ఇరవై ఏండ్లుగా చీరల మీద ఒకటే మామిడి పిందెను వెయ్యిసార్లు వేస్తాండా. ఇవి నేస్తాంటే పెండ్లికూతురు మాదిరి సంబరమయినాది నాకు.

మీ అన్న నేసినదాంట్లో ఒకదానికి మూడే కాళ్లు. నాలుగోది వెనక ఉండాది, కనపడదు అని వాదిస్తాండాడు. మీ ఇంటి వాదన గదా. మల్లీశ్వరిని అడుగు, నేను నేసినవి ఏవి, ఆయప్ప నేసినవి ఏవి అని. ఆ మూడు కాళ్లది నేను నేసినానంటే మాత్రం, ఆ పాపను నా కాడికి పంపు.

అన్నీ కలిపి ఎన్ని నేసినామో రాయను. తోడేలు వింటాది.

మీ వదిన
జయంతి